గ్లాసెడు బత్తాయి నూనెతో రాయదుర్గం దాకా

ఈ ప్రయాణానికి కారణం నా నోరు. తొంభైల చివరి నాటి మాట ఇది. కొత్తపేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటూ, దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునేదాన్ని. నాతోపాటు ఉన్న అమ్మాయిలందరూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరిపోతుంటే నేనూ ఆగలేక, డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్స్‌లో విని టైపు చేసే ఉద్యోగం ఉందంటే మాదాపూర్‌కి ఇంటర్వ్యూకి వెళ్లాను. పది నిమిషాల క్యాసెట్‌లో నాకు అర్థమైనవి "పేషెంట్" అన్న మాటా, చివర్లో డాక్టర్ గారు చెప్పిన థాంక్సూ. మిగతాదంతా సొంత తెలివితో పూర్తి చేసి ఇచ్చాను. వాళ్లు మర్యాదగా నీళ్లు ఇచ్చి పంపేశారు. బయటికొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనుక గచ్చిబౌలి దాకా నడుద్దామని బండరాళ్ల మధ్య నుంచి రాయదుర్గం వైపు బయల్దేరాను.

ఊరి మొదట్లో ఒక రేకుల షెడ్డు, దాని ముందు అట్టపెట్టెలూ వైర్ల చుట్టలూ, పక్కనే మనిషెత్తున తెల్లటి థర్మోకోల్ గుట్ట. నలభై అయిదేళ్ల ఒకావిడ థర్మోకోల్ ముక్కల్ని ఒక్కొక్కటే డ్రమ్ములో ముంచుతోంది. ముంచగానే ముక్క సుయ్‌మని కూలిపోయి మాయమవుతోంది. డ్రమ్ములో ఉన్నది పెట్రోల్ అని ఇరవై అడుగుల దూరం నుంచే తెలుస్తోంది. నేను ఊరుకుని నడిచిపోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో పోయిన పరువు ఎక్కడో ఒకచోట వెంటనే తిరిగి తెచ్చుకోవాలనిపించింది. "దీనికి పెట్రోల్ ఎందుకండీ, బత్తాయి తొక్కల నూనెలో కూడా కరుగుతుంది" అన్నాను. ఆమె చేయి ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "గట్ల గూడ కరుగుతదా? మంట లేవదా?" అని అడిగింది. పెట్రోల్‌లాగా దూరం నుంచి నిప్పు అంటుకోదని చెప్పాను. "అయితే తే" అంది, అంతే.

ఆమె పేరు యాదమ్మ. సొంతూరు రాయదుర్గమే. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న అద్దాల ఆఫీసుల నుంచి పాత సామాను తెచ్చి అమ్ముకుంటుంది. అప్పుడు గమనించాను, ఆమె ఎడమ చేతి మూడు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అంతకు ముందు ఎండాకాలం పక్కనెవరో బీడీ ముట్టిస్తే పెట్రోల్ భగ్గుమందట. ఆమె చిక్కు ఏమిటో కూడా ఆ రోజే చెప్పింది. షెడ్డున్న స్థలం కిష్టయ్య అనే పెద్దాయనది. వెనకే ఆయన బర్రెల కొట్టం, వరిగడ్డి వాము ఉన్నాయి. చేయి కాలిన నాటి నుంచి ఆయనకు నిద్ర లేదు. వచ్చే శనివారం నాలుగింటికి వస్తాననీ, అప్పటికి ఆ డ్రమ్ము ఉంటే యాదమ్మ ఉండదనీ తేల్చి చెప్పాడు. పెట్రోల్ మానేస్తే థర్మోకోల్ గుట్ట కరగదు. లారీ నిండా ఎక్కించినా కాటా మీద ముల్లు కదలదు కనుక, ఉన్నదున్నట్టు ఎవరూ కొనరు. బంకలా ముద్ద చేసి ఎండబెడితేనే దువ్వెనలు చేసే కార్ఖానావాళ్లు తీసుకుంటారు. నోరు జారినందుకు శనివారం వస్తానని మాటిచ్చి, గచ్చిబౌలి దాకా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను.

అయితే నేను చెప్పింది గాలి మాట కాదు. కాలేజీ లైబ్రరీకి వచ్చే ఒక సైన్సు పత్రికలో ఆకుపచ్చ ద్రావణుల గురించి చదివి ఉన్నాను. పెట్రోల్, టోలీన్ లాంటి వాటికి బదులు మొక్కల నుంచి వచ్చే ద్రవాలతో పదార్థాలను కరిగించి వేరుచేసే పద్ధతి. నారింజ జాతి కాయల తొక్కలో ఉండే నూనె థర్మోకోల్‌ను ఇష్టంగా కరిగించుకుంటుంది. థర్మోకోల్ దాదాపు అంతా గాలే కదా, ఆ గాలి పోతే మిగిలేది చారెడు ప్లాస్టిక్కే. ఆ ముద్దను నీళ్లలో వేసి మరిగిస్తే నూనె ఆవిరితో పాటు లేచి మళ్లీ మన సీసాలోకి వస్తుంది, ప్లాస్టిక్ అడుగున మిగులుతుంది. హాస్టల్లో పది బత్తాయిల తొక్క తీసి, ల్యాబ్‌లో ఆవిరితో నూనె తీసి, అందులో థర్మోకోల్ కరిగించి చూశాను. బొటనవేలంత గట్టి ముద్ద వచ్చింది. దాన్ని పర్సులో వేసుకుని రెండు రోజులు అందరికీ చూపించుకున్నాను.

శనివారం కాలేజీకి సెలవు పెట్టి ఉదయం ఆరింటికి కొత్తపేటలో బస్సెక్కాను. చేతిలో హాస్టల్ వంటావిడ దగ్గర బతిమాలి తెచ్చుకున్న పది లీటర్ల ప్రెషర్ కుక్కర్, భుజానికి రబ్బరు గొట్టాలున్న సంచీ. మెహిదీపట్నానికి టికెట్ ఐదు రూపాయలు, కుక్కర్‌కి కూడా టికెట్ కొట్టాలా అని కండక్టర్ కాసేపు ఆలోచించి వదిలేశాడు. ఇప్పుడు అదే దారిలో వెళ్లేవాళ్లు కొత్తపేటలోనే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గంటలోపే రాయదుర్గంలో దిగొచ్చు. అప్పుడు నాకు మెహిదీపట్నం చేరడానికే గంటంబావు పట్టింది. అక్కడ దిగడం నా పని కోసమే. బస్టాండ్ దగ్గర జ్యూస్ బండి పెట్టుకున్న ఖాసిం భాయ్‌ని మంగళవారం కలిసి, నాలుగు రోజుల బత్తాయి తొక్కలు నాకోసం దాచమని అడిగి ఉన్నాను. జ్యూస్ బండ్ల వాళ్లు పై తొక్కను మాత్రమే పల్చగా, చక్రంలా తిప్పుతూ తీస్తారు. నూనె ఉండేది సరిగ్గా ఆ పై పొరలోనే, కాబట్టి నా పని సగం వాళ్లే చేసి పెట్టినట్టు.

ఖాసిం భాయ్ నన్ను చూడగానే బండి కింద నుంచి గోనెసంచి తీశాడు. రెండు వేళ్లతో తేలిగ్గా తీయడం చూస్తేనే ఏదో తేడా జరిగిందని తెలిసింది. నాలుగు రోజుల తొక్కలున్న సంచిని ఎవరూ రెండు వేళ్లతో ఎత్తలేరు. లోపల తొక్కలన్నీ అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. "మా ఆవిడ కడిగి, మిద్దె మీద ఆరేసి, నాలుగు రోజులు తిప్పి తిప్పి ఎండబెట్టింది బేటీ. ఒక్క దానికి గూడ బూజు లేదు చూడు" అన్నాడు గర్వంగా. ఆయన తప్పేం లేదు. బత్తాయి తొక్కలు కావాలని ఆడపిల్ల అడిగిందంటే అది సున్నిపిండికే. నేను ఎందుకో చెప్పలేదు, ఆయన అడగలేదు. చూడని ఆ ఇల్లాలు నాకోసం పడ్డ శ్రమంతా ఆ సంచిలో ఉంది, నాకు కావలసిన నూనె మాత్రం మూడొంతులు మిద్దె మీదే ఎండకి ఎగిరిపోయింది.

ఇక దాచకుండా చెప్పేశాను. ఎండబెడితే నూనె పోతుందనీ, సాయంత్రం నాలుగింటికి ఒకావిడ కొట్టు ఉంటుందో ఊడుతుందో దాని మీదే ఉందనీ చెప్పాను. ఖాసిం భాయ్ సంచి వైపు చూసి, నా కుక్కర్ వైపు చూసి, తలమీద టోపీ సర్దుకున్నాడు. "ముందే జెప్తే పచ్చియే ఇస్తుంటి గద. జర కూసో" అన్నాడు. మూడు బుట్టల బత్తాయిలు ముందు పెట్టుకుని, గిరాకీ రాకముందే అన్నిటికీ తొక్క తీయడం మొదలుపెట్టాడు. వద్దన్నాను. తొక్క తీసిన కాయ మధ్యాహ్నానికి ఎండిపోతుందనీ, రసం తగ్గుతుందనీ నాకూ తెలుసు. "తడిగుడ్డ కప్పుత. దవాఖానకు జనం వచ్చే టైంకి సగం పోతయి, ఫికర్ వద్దు" అన్నాడు తల ఎత్తకుండా. ఇంకో కత్తి తీసుకుని నేనూ కూర్చున్నాను. ఆయన నాలుగు కాయలు చేసేలోపు నేను ఒకటి చేసి, వేలు కోసుకున్నాను. దాదాపు మూడు వందల కాయలు ఉంటాయి. తొమ్మిదింటికి రెండు పాలిథిన్ సంచుల నిండా పచ్చి తొక్క తయారైంది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఎండు తొక్కల సంచి కూడా చేతికిచ్చాడు, ఇల్లాలు బాధపడుతుందట.

అక్కడి నుంచి లింగంపల్లి వెళ్లే బస్సులో టోలీచౌకి మీదుగా గచ్చిబౌలి చౌరస్తాకి ముప్పావు గంట. ఎండ చురుక్కుమంటోంది, దారి పక్కన రాళ్లు కొట్టేవాళ్ల సమ్మెట చప్పుడు బస్సులోకి వినిపిస్తోంది. గచ్చిబౌలిలో ఒకే ఒక్క ఆటో ఉంది. "హైటెక్ సిటీకి ముప్పై అయితది, వాపస్ కిరాయి దొరకది" అన్నాడు డ్రైవర్. బేరమాడే ఓపిక లేక ఎక్కాను. కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగి, "ఏం మూట అమ్మా అది, ఆటో అంత బత్తాయి వాసనొస్తున్నది" అన్నాడు. థర్మోకోల్ కరిగించడానికి అన్నాను. అతను అద్దంలో నన్ను రెండుసార్లు చూశాడు.

ముందే అనుకున్నట్టు, తను సామాను తెచ్చుకునే ఒక ఆఫీసు భవనం వెనక గేటు దగ్గర యాదమ్మ మూడు చక్రాల రిక్షాతో ఉంది. భవనం ముందువైపు నున్నటి అద్దాలూ, కొత్తగా పరిచిన గడ్డీ. వెనక వైపు కంప్యూటర్ల పెట్టెలు విప్పి పడేసిన యార్డు, అందులో మోకాలి లోతు థర్మోకోల్. గాలి వచ్చినప్పుడల్లా చిన్న తెల్లటి గుండ్లు లేచి మళ్లీ కూర్చుంటున్నాయి. భవనం చూసుకునే ఆఫీసర్ ఒకాయన టై సర్దుకుంటూ వచ్చాడు. మాట తీరు చూస్తే మా కృష్ణా జిల్లా వైపే అనిపించింది. థర్మోకోల్ వదిలేసి, అట్టలూ వైర్లూ మాత్రం ఆమెకు ఇవ్వకూడదా అని అడిగాను. "అలా కుదరదండి. మా యార్డ్ క్లీన్‌గా ఉండాలి, అదే పాయింట్. తీసుకుంటే అన్నీ తీసుకోవాలి, లేకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉన్నారండి" అన్నాడు. ఆ ఇంకో పార్టీ ఏం చేస్తారని అడిగితే, గుట్టల వెనక్కి తీసుకెళ్లి కాల్చేస్తారని మామూలుగా చెప్పాడు. ఇక్కడ డ్రమ్ము లేకపోతే సరుకు పోతుంది, అక్కడ డ్రమ్ము ఉంటే కొట్టు పోతుంది. యాదమ్మ ఈ రెండింటి మధ్య నిలబడి నా కుక్కర్ వైపు చూస్తోంది.

రిక్షా తోసుకుంటూ రాయదుర్గం చేరేసరికి పదకొండున్నర. నేను "యాదమ్మగారూ" అన్నప్పుడల్లా ఆమె నవ్వింది. "గారు గీరు నాకెందుకు టీచరమ్మా, అలవాటు లేదు" అంది. ఖాసిం భాయ్ ఎండు తొక్కల కథ చెప్తే మాత్రం నవ్వలేదు. "పాపం, మంచిగ చేసిండ్రు గద" అని సంచి తీసుకుని లోపల పెట్టుకుంది. మూడు రాళ్ల పొయ్యి వెలిగించి, కుక్కర్‌లో తొక్కలూ నీళ్లూ వేసి, విజిల్ తీసేసి దాని స్థానంలో గొట్టం బిగించాం. ఆవిరి చల్లబడడానికి రబ్బరు గొట్టం ఒక్కటే చాలదని నేను తల గోక్కుంటుంటే, ఆమె సామాన్లలోంచి ఏసీ మిషన్‌ది రాగి గొట్టం తెచ్చి, బకెట్ చుట్టుకొలతకు చుట్టలు చుట్టి నీళ్లలో ముంచింది. రెండు మంచి వేళ్లతోనే ఆ చేతిని పట్టకారులా వాడుతోంది. నా ల్యాబ్‌లో గాజు సామాను కోసం ఏడాదిగా అర్జీలు పెడుతున్నాను, ఈమె ఐదు నిమిషాల్లో తయారు చేసింది.

నూనె బొట్లు బొట్లుగా పడింది. సీసాలో నీళ్ల మీద పల్చటి పసుపు పొర, దాన్ని ఇంకు ఫిల్లర్‌తో పీల్చి గ్లాసులో వేయాలి. మొదటి విడత ముప్పావు గంట, తర్వాత రెండో విడత, మూడో విడత. మధ్యలో రబ్బరు గొట్టం చివర ఉబ్బి మెత్తబడిపోయింది, నూనె దాన్ని కూడా కరిగించడానికి చూస్తోంది. కోసి, మళ్లీ బిగించాం. పొయ్యి కాస్త దూరంలో ఉండేలా, నూనె గ్లాసు ఇటువైపు గోడ పక్కన ఉండేలా చూసుకున్నాను, బత్తాయి నూనె కూడా నూనే కదా. ఆ పక్క గడ్డి వాము కనిపిస్తుంటే కిష్టయ్య భయం నాక్కూడా అర్థమైంది. రెండింటికి యాదమ్మ అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఇద్దరం గ్లాసు వైపే చూస్తూ తిన్నాం.

మూడున్నరకు తొక్కలన్నీ అయిపోయాయి. నూనె టీ గ్లాసుకి కాస్త తక్కువ. యాదమ్మ గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసుకుని మురిసిపోతోంది. నేను మాత్రం తల తిప్పి షెడ్డు పక్క గుట్టను చూశాను, పొద్దున్న రిక్షాలో తెచ్చింది చూశాను, మనసులో ఒక గుణకారం చేశాను. అప్పటిదాకా ఆ లెక్క చేయనే లేదు. ల్యాబ్‌లో వేలెడు ముద్ద చూసిన సంబరంలో గుట్ట ఎంతుందో గుర్తే లేదు. మూడు వందల కాయలకు ఒక గ్లాసు. ఆ గ్లాసులో కరిగేది కంప్యూటర్ పెట్టెల మూలల్లో పెట్టే ముక్కలు రెండో మూడో. అదే నూనెను మళ్లీ మళ్లీ తిప్పుకోవచ్చు నిజమే, కానీ తిప్పాలన్నా ముందు చేతిలో ఒకటి రెండు డబ్బాల నూనె ఉండాలి. తిప్పినప్పుడల్లా కొంత ముద్దలోనే ఉండిపోతుంది కూడా. అన్ని డబ్బాలకి తొక్కలు కావాలంటే నెలలు పడుతుంది. నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువ భయం వేసింది, నాలుగవడానికి ఇంకా అరగంటే ఉంది.

కిష్టయ్య చెప్పిన సమయానికి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు, మాట తక్కువ మనిషి. చుట్టుపక్కల భూములన్నీ అమ్ముడుపోయి, ఆయనకు మిగిలింది ఈ స్థలం, కొట్టం, రెండు బర్రెలు. నిలబడే చూస్తానన్నాడు. యాదమ్మ మూరెడు పొడవున్న థర్మోకోల్ పట్టీ తీసుకుని గ్లాసులోకి దించింది. పట్టీ గ్లాసులోకి దిగుతూనే ఉంది, అడుగు తగలకుండా దిగుతూనే ఉంది, చివరికి ఆమె వేళ్ల మధ్య ఉన్న ముక్క కూడా లోపలికి పోయింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. కిష్టయ్య వంగి గ్లాసును వాసన చూశాడు. "బత్తాయే" అన్నాడు. నేను పర్సులోంచి గట్టి ముద్ద తీసి ఇచ్చాను, నూనె తీసేశాక ఇలా మిగులుతుందని చెప్పాను. గోటితో గీకి చూసి, బాగుందన్నాడు. యాదమ్మ ముఖం వెలిగిపోయింది. అక్కడితో ఆగిపోతే ఆ రోజు నాది.

ఆయన గుట్టవైపు చూసి, "మరి గిదంత కరగాల్నంటే ఎంత నూనె గావాలె బిడ్డా?" అని అడిగాడు. నాలుక చివర ఒక జవాబు సిద్ధంగా ఉంది. "ఇదే నూనె మళ్లీ మళ్లీ వాడుకోవచ్చండి" అని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆయన సరేనని వెళ్లిపోతాడు, యాదమ్మకి కొట్టు దక్కుతుంది, నేను నాలుగు నెలల తర్వాత ఏమైందో తెలుసుకోనక్కర్లేదు. యాదమ్మ నా వైపు చూస్తోంది, పూర్తి నమ్మకంతో. ఆ చూపు తట్టుకోలేక నిజం చెప్పేశాను. పొద్దున్న మూడు వందల కాయలు ఒలిస్తే ఇంతే వచ్చిందనీ, ఈ గుట్టకు ఇది చాలదనీ, నాలుగైదు బండ్ల తొక్కలు రోజూ పడితే ఆరేడు నెలలకు గానీ పని నడిచేంత నూనె చేరదనీ, లెక్క తప్పు నాదేననీ.

కిష్టయ్య గొడుగు మీద బరువేసి నిలబడ్డాడు. "అయితే గిది ఇప్పట్ల అయ్యేది గాదు" అన్నాడు. యాదమ్మ వెనక్కి వెళ్లి పొయ్యిలో ఆరిపోతున్న కట్టెలను బయటికి లాగి, నీళ్లు చల్లింది. నన్ను తిడితే బాగుండునని నిజంగా అనుకున్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎడమ చేయి ముందుకు పెట్టింది. "టీచరమ్మా, నాకు పెట్రోల్ పోసుడు నేర్పినోడు గూడ గిట్లనే గ్లాసుల చూపిచ్చిండు. మస్తు కరుగుతది, మస్తు ఎండుతది అన్నడు. ఇగ వేరే ఏం జెప్పలె. గప్పుడు నీ తీరుగ ముందుగాల్నే ఒక్క మాట జెప్పి ఉంటే, గీ వేళ్లు నాకు వేళ్ల లెక్క ఉంటుండె" అంది. కోపంగా కాదు, వివరంగా చెప్పింది. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆమె చేయి విడిపించుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్లి, మూత బిగించి, పక్కకు ఒరగదీసి రోడ్డు వైపు దొర్లించడం మొదలుపెట్టింది. "నూనె ఎప్పుడన్న రానీ మామా, ఇది మాత్రం ఇయ్యాలనే పోతది. సరుకు పోతే పోనీ" అంది కిష్టయ్యతో. ఆయన డ్రమ్మును దొర్లిస్తున్న ఆమె చేతిని చూశాడు. తర్వాత గొడుగు గోడకు ఆనించి, తానూ ఒక చేయి వేశాడు. రోడ్డు మీద డ్రమ్ము నిలబెట్టాక అడిగాడు, "గా తెల్లది నానుతదా, చెడిపోతదా?" అని. చెడిపోదండీ, ఎన్నేళ్లున్నా అలాగే ఉంటుంది, అదే దాంతో వచ్చిన బాధ అన్నాను. "మరి చోటు గావాలె, అంతేగద. గడ్డి ఈ నెలాఖరుకు అయిపోతది. ఒక బర్రెను అమ్ముతున్న. కొట్టంల సగం ఖాళీనే. నూనె జమయ్యేదాంక అండ్ల ఏసుకో" అన్నాడు. అన్నాక గొడుగు తీసుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

చౌరస్తా దాకా యాదమ్మ నాతో నడిచి వచ్చింది. ఆరింటి బస్సు ఆరుంబావుకి వచ్చింది. నిండా ఆఫీసుల్లో పెయింటింగ్ పనులు చేసేవాళ్లు, నాకు కుక్కర్ మీదే కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను ఈ దారిలోనే వెళ్లాను. ఖాసిం భాయ్ ఇంకో ముగ్గురు జ్యూస్ బండ్ల వాళ్లతో మాట్లాడి పెట్టాడు. మొదటి డబ్బా నిండడానికి ఎనిమిది నెలలు పట్టింది, నేను కిష్టయ్యకి చెప్పినదానికన్నా ఎక్కువే. కొట్టంలో థర్మోకోల్ చూరు దాకా పేరుకుంది, ఉన్న ఒక్క బర్రె దాని పక్కనే నిశ్చింతగా నెమరేసుకునేది. నూనె తిరగడం మొదలయ్యాక యాదమ్మ రెండేళ్లు ఆ పని చేసింది. తర్వాత భవనాల చెత్తంతా ఒకే పెద్ద కాంట్రాక్టుగా మారి, ఆమె చేతిలోంచి పోయింది. ఆ నూనెతో లోకం మారిందని నేను చెప్పలేను. ఈమధ్య రాయదుర్గం మెట్రో దిగి ఆ స్థలం కోసం వెతికాను, ఏ టవర్ కింద ఉందో కూడా పోల్చుకోలేకపోయాను. కానీ ఆకుపచ్చ ద్రావణి అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ గ్లాసు గుర్తు రాదు. కొత్త వస్తువును చూపించేవాడు దాని గురించి ఏం చెప్పకుండా దాచాడో, అది చివరికి వాడుకునేవాళ్ల ఒంటి మీద తేలుతుందని గుర్తొస్తుంది. ఆ రోజు నేను కూడా దాచడానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాను.

ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు ఒకే ఒక్క సలహా. వాళ్ల పని మొత్తానికి మీ సీసాలోది ఎంత కావాలో, ఎన్నాళ్లు పడుతుందో, ఎక్కడ నిప్పుకు దూరంగా పెట్టాలో ముందు రోజే ఇంట్లో కూర్చుని ఒక చీటీ మీద రాసుకోండి. అక్కడికి చేరాక సీసా మూత తీయకముందే ఆ చీటీ వాళ్ల చేతికివ్వండి. చదువు రానివాళ్లయితే మీరే చదివి వినిపించండి, తొందరపడకుండా, వాళ్లు చాలనే దాకా.